మా అత్తగారి చలికాలము

మార్గశిరమాసము ప్రవేశించెననగా మా యింట రాత్రివేళ ఒక చప్పుడు వినవచ్చును. గడియారపు చప్పుడు గాదు. వంటింటి యెలుక చప్పుడును గాదు. మా అత్తగారు మోకాళ్ల క్రింద పిక్కలను గోళ్లతో బరబర గోకికొను చప్పుడది. ఆమెకిప్పుడు 74 ఏండ్లు. చలికాలము వచ్చినదా, పిక్కలమీది చర్మము చేపపొలుసువలె తెల్లగా లేచును. గోకినచోట ఎఱ్ఱని చారలు పడును. ఒక్కొక్కప్పుడు నెత్తురును చిమ్మును. ప్రొద్దున దుప్పటి దులిపినచో తవుడు రాలినట్లు పొట్టు రాలును. ఇంటి గుట్టును పత్రికలో వ్రాయుటకు మాకు సంకోచముగానే యున్నది. కాని ఇట్టి పెద్దవారు లేని యిల్లు ఈ పత్రిక చదువు సోదరీమణులలో ఎందఱికున్నది?

తెనాలిలో నున్నన్నాళ్లు ఈ బాధ ఆమె యెఱుగరు. చుట్టును కాలువలు, వరిచేలు. సముద్రమును మిక్కిలి దూరము గాదు. గాలిలో ఎల్లప్పుడును కొంత తేమ యుండును. 2019లో మామగారు గతించిన పిమ్మట ఆమెను మాతో హైదరాబాదునకు తీసికొనివచ్చితిమి. ఇది సముద్రమట్టమునకు 500 మీటర్లకు మించిన యెత్తున నున్న పీఠభూమి. ఇచ్చటి చలికాలపు గాలి తడిబట్టను గంటలో ఆర్చివేయును. బట్టను ఆర్చు గాలి చర్మమును మాత్రము విడిచిపెట్టునా?

"అత్తయ్యగారూ, రాత్రిపూట కాళ్లకు కొబ్బరినూనె రాసెదను" అని మేము మూడేండ్లు అడిగితిమి. మూడేండ్లును ఆమె ఒప్పుకొనలేదు. దుప్పట్లకు జిడ్డంటుననిరి. పాదములు జారుననిరి, ఆ మాట నిజమే. అసలు కారణము ఒకనాడు మా చిన్నాడబిడ్డతో చెప్పుచుండగా చెవిని పడినది. ఆమె తమ అత్తగారికి పదునొకండేండ్లు మంచమున సేవచేసిరట. "ఆ రోజు నాకు రాకూడదమ్మా. కోడలిచేత కాళ్లు పట్టించుకొన్న దినమున నేను మంచమెక్కినట్లే లెక్క" అనిరట. అటుపిమ్మట మేము నూనె మాట యెత్తుట మానితిమి.

2023 కార్తికమున సీసా వచ్చినది.

మా మరిది న్యూజెర్సీలో నున్నాడు. వారమునకు రెండుమారులు ఫోనులో తల్లికి మొగము చూపును. అట్లు మాటలాడుచుండగా ఆమె అదేపనిగా కాలు గోకికొనుట అతని కంటబడినది. నెల తిరుగకముందే ఇచ్చటికి వచ్చు మిత్రునిచేత ఒక సీసా పంపినాడు. గోధుమనుండి తీసిన సెరమైడులు గల మాత్రలవి. దినమున కొక్కటి చొప్పున 60. లోపలినుండి చర్మమునకు తేమ నిచ్చునని అతడు ఫోనులో చెప్పెను. వెల 30 డాలర్లు. మన లెక్కలో రెండువేల అయిదువందల రూపాయలకు తక్కువ యుండదు. అత్తగారు ఆ సీసాను కన్నులకద్దుకొని, దేవుని గూటిప్రక్కన కళ్లజోడు పెట్టుకొను అరలో ఉంచిరి. మూడేండ్లు మా నూనె ఒల్లని యామె, పేరైన నోటికి తిరుగని ఆ మాత్రను మఱునాటి యుదయమే కాఫీకంటె ముందుగా మ్రింగిరి.

మాకు కష్టము తోచలేదని వ్రాసినచో అబద్ధమగును. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మాకు మేమే చెప్పుకొంటిమి. కాని ఆ దురద మాకు కొన్నాళ్లున్నది.

కోపము వచ్చినవారు చేయుపనియే మేమును చేసితిమి. తప్పు వెదకుటకై సీసామీది వ్రాత నంతయు భూతద్దము పెట్టి చదివితిమి. పెద్ద అక్షరములలో చర్మపు తేమ, యౌవనము, కాంతి. క్రింద చీమకాళ్లవంటి అక్షరములలో మఱియొక మాట: ఈ చెప్పినదానిని అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధ శాఖవారు పరిశీలింపలేదనియు, ఏ రోగమును గుర్తించుటకు గాని, కుదుర్చుటకు గాని, నివారించుటకు గాని ఉద్దేశింపబడినది కాదనియు. ఆ దేశమున 1994లో వచ్చిన చట్టము ప్రకారము ఇట్టివి ఔషధముల లెక్కలోనికి రావు, ఆహారపు లెక్కలోనివి. కనుక అమ్మకమునకు ముందుగా గుణమును ప్రభుత్వమునకు రుజువు చేయ నక్కఱలేదు. మన దేశమున అమ్ము ఇట్టి సరకులును ఆహారభద్రతా సంస్థవారి క్రిందివే. వానిమీద 14 అంకెల లైసెన్సు సంఖ్యయు, ఔషధముగా వాడుటకు కాదను మాటయు ఉండవలెను. మఱియొక సంగతియు కనబడినది. మాత్ర 350 మిల్లీగ్రాములని వ్రాసియున్నది. కాని అది గోధుమనూనె బరువు. సెరమైడు అందులో ఒక భాగము మాత్రమే. బియ్యము తూచి అన్నము బరువు చెప్పినట్లున్నదిది.

తప్పు దొరకినదని సంతోషపడి అంతటితో ఊరకున్న బాగుండెడిది. కాని సెరమైడనగా నేమో తెలియక నిందించుట న్యాయము గాదని తోచి, దొరకినంత చదివితిమి. చదివినకొలది మా కోపము కొంత తగ్గినది.

మన చర్మపు పైపొర బహు పలుచనిది. కాలి పిక్కలమీద కాగితమంత దళసరియైన నుండదు. చచ్చిన కణములు పలకలవలె ఒకదానిపై నొకటి పదునైదు ఇరువది వరుసలు పేర్చబడియుండును. ఆ పలకల నడుమ ఒక విధమైన క్రొవ్వు నిండియుండును. శాస్త్రజ్ఞులు దీనిని ఇటుకల గోడతో పోల్చుదురు. కణములు ఇటుకలు, క్రొవ్వు వానిని పట్టియుంచు సున్నము. ఆ సున్నములో ఇంచుమించు సగము సెరమైడులే. తక్కినది కొలెస్టరాలును, మఱికొన్ని క్రొవ్వుటామ్లములును. గుండెకు చేటని మనము భయపడు కొలెస్టరాలు చర్మమునకు ఇంత యవసరమని మాకు ఇదివఱకు తెలియదు. ఈ మూడును తగుపాళ్లలో నున్నంతకాలము ఒంటిలోని నీరు బయటికి పోదు. బయటి సబ్బు, దుమ్ము, క్రిమి లోనికి రావు. సున్నము రాలిన గోడ యేమగునో పాత యిండ్లలో కాపురముచేసినవారికి చెప్పనక్కఱలేదు. నీరు ఆవిరియై పోవును, పలకల అంచులు లేచును, సందులలో దురద పుట్టును, గోకినకొలది మఱికొంత సున్నము రాలును.

ఈ క్రొవ్వుల చరిత్రలో ఒక ముచ్చట యున్నది. సెరమైడునకు వెన్నెముకవంటి పదార్థమును కనుగొన్నవాడు లండనులో వైద్యము చేయుచుండిన థుడికుమ్ అను జర్మను వంశీయుడు. మెదడులోని పదార్థములను పరీక్షించుచు, దానికి స్ఫింగోసిను అని 1884లో పేరిడెను. గ్రీకుల పురాణములలో దారిన పోవువారిని పొడుపుకథ యడిగి, విప్పలేనివారిని చంపు స్ఫింక్సు అను జంతువొకటి కలదు. ఈ పదార్థమును తనకు అన్ని చిక్కుముడులు వేసినదని ఆ పేరు. నూటనలుబదేండ్లు గడచినను ముడులన్నియు విడిపోలేదని ఈ సీసావలన మాకు తెలిసినది.

వయస్సు మీఱినకొలది చర్మపు పొరలో సెరమైడులు తగ్గును. చలికాలమున ఇంకను తగ్గును. 1996లో వెలువడిన యొక పరిశోధనలో ఈ రెండును కొలిచి చూపిరి. గజ్జి, తామరవంటి దురద గల కొందఱి చర్మమున ఈ సెరమైడుల కొఱతయే యున్నదని 1991లోనే జపానువారు గుర్తించిరి. కాబట్టి మా అత్తగారి బాధ మొండితనము గాదు, శుచి లేకపోవుట గాదు, రక్తము చెడుటయు గాదు. వయస్సును, ఋతువును, ఊరును మూడును ఏకమై ఆమె గోడకు సున్నము రాల్చినవి.

లేనిదానిని తినినచో చాలునా? మాకు మొదట నవ్వు వచ్చినది. జుట్టు పెరుగుటకై జుట్టు తిందుమా? నోట వేసికొన్న సెరమైడు తిన్నగా పిక్కలకు నడచిపోవునా? పోదు. ప్రేవులలో అది ముక్కలగును. ముందు దానికంటియున్న చక్కెర ఊడును, పిదప తక్కిన ముక్కలు విడిపోవును. వానిలో ఒంటికి పట్టునది కొంచెమే. మొక్కలనుండి వచ్చిన ముక్కలను ప్రేవుల కణములు చాలవఱకు మరల వెలికి నెట్టివేయుననికూడ తేలినది. అట్లయినచో ఉపయోగ మెక్కడిది? లోనికి పోయిన ఆ కొద్దిపాటి ముక్కలు ఇటుకల సందున కూరబడు సున్నముగా గాక, సున్నము చేయు మేస్త్రికి పంపిన కబురుగా పనిచేయుచున్నవేమో యని శాస్త్రజ్ఞుల యూహ. చర్మకణములు ఆ కబురందుకొని తమ సెరమైడును తామే యెక్కువగా చేసికొనునట. ఎలుకలలోను, గాజుపాత్రలలోను ఇందుకు కొన్ని గుర్తులు కనబడినవి. ఊహయే యైనను తెలివిమాలిన యూహ గాదు.

మనుష్యులమీదను పరీక్షలు జరిగినవి. వానిలో నొకటి మా సీసాకు మిక్కిలి దగ్గఱిది; 2011లో వెలువడినది. 20 మొదలు 63 ఏండ్ల వఱకు వయస్సు గల 51 మంది స్త్రీలను తీసికొనిరి, అందఱిదియు పొడిచర్మమే. కొందఱికి 350 మిల్లీగ్రాముల గోధుమనూనె, కొందఱికి చూపునకు అట్టిదే యైన ఉత్తుత్తి మాత్ర, మూడునెలలు ఇచ్చిరి. ఎవరి కేది యిచ్చిరో తినువారికి తెలియదు, కొలుచువారికిని తెలియదు. తుదకు చర్మముపై నానించి తేమను కొలుచు యంత్రముతో చూడగా, గోధుమనూనె తినినవారి చేతులమీదను కాళ్లమీదను తేమ ఉత్తుత్తి మాత్రవారికంటె స్పష్టముగా హెచ్చియుండెను. ఇది చదివి మేము కొంత సిగ్గుపడితిమి. మరిది ఊరక డబ్బు పాఱవేయలేదు.

అయినను 51 మంది అనగా ఒక పెండ్లి పంక్తి. అందులో 63 ఏండ్లకు మించినవారు లేరు. మా అత్తగారికి 74. ఇట్టి పరీక్షలలో పెక్కింటికి వ్యయము పెట్టునది ఆ సరకు చేయువారే. పైగా యంత్రమునకు కనబడు తేమ వేఱు, రాత్రి నిద్రపట్టుట వేఱు. జపానులో ఈ వ్యాపారము మనకంటె ముందే సాగినది. 2015లో అచ్చట వచ్చిన నిబంధనల ప్రకారము, తయారుచేయువారు తమ యాధారములను ప్రభుత్వమునకు తెలియజేసి, చర్మపు తేమను కాపాడునని డబ్బామీద వ్రాసికొనవచ్చును. అది ప్రభుత్వము పరీక్షించి వేసిన ముద్ర గాదు. అచ్చటివారు సెరమైడును వరినుండియు, కొన్యాకు అను దుంపనుండియు తీయుదురు. ఆ దుంప మన కందకు దగ్గఱి చుట్టము. పెరటిలో కోసినవారి చేతులకు దురద పుట్టించు జాతినుండి దురదకు మందు తీయుచున్నారని చెప్పగా అత్తగారు చాలసేపు నవ్విరి. వరిలోని సెరమైడు తవుడులోను మొలకలోను ఎక్కువ. దానిని మనము మిల్లులో తీసివేసి గేదెకు పెట్టుదుము. అందువలన గేదె నున్నగానున్నదా యని ఆమె అడిగిరి. మాకు జవాబు తోచలేదు.

ఈ లోపల ఆమెను ఒక వైద్యురాలికి చూపితిమి. సోదరీమణులకు ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే గాన కొంచెము విపులముగా వ్రాయుదుము. పెద్దవారి పొడిచర్మము అన్నిమారులును చలికాలపు పొడి మాత్రమే కాదు. మధుమేహము, థైరాయిడు గ్రంథి మందగించుట, మూత్రపిండముల జబ్బు, రక్తహీనత, ఇవి చర్మపు పొడిమిగానో దురదగానో ముందు తలచూపవచ్చును. సీసా చేతికి వచ్చినది గదాయని నెలలకొలది మాత్రలు మ్రింగుచు కూర్చున్నచో లోపలి జబ్బు ముదురును. ఆ వైద్యురాలు రక్తము పరీక్ష చేయించిరి. దైవానుగ్రహమున చక్కెర, థైరాయిడు, మూత్రపిండములు సరిగానే యున్నవి. ఆమె వాడుచున్న మందుల చీటీ అడిగిరి. రక్తపుపోటునకు నీరుతీయు మాత్ర యొకటి యందులో నున్నది. కొందఱికి దానివలనను చర్మము ఎండుననియు, అట్లని స్వయముగా మానరాదనియు చెప్పిరి. గోధుమ పడనివారు గోధుమ మాత్రలను ముట్టరాదని హెచ్చరించిరి. మా అత్తగారికి చపాతి పడునని చెప్పితిమి.

పిమ్మట స్నానము సంగతి అడిగిరి. మా అత్తగారు తెల్లవాఱుజామున పొగలుగ్రక్కు నీళ్లతో అరగంట స్నానము చేయుదురు. ఒళ్లంతయు రెండుమారులు సబ్బు రుద్దుదురు. "అమ్మా, మీరు ఉన్న సున్నము కాస్త మీ చేతులతోనే కడిగివేయుచున్నారు" అని వైద్యురాలు నవ్విరి. నీరు గోరువెచ్చగా నుండవలెను. పది నిమిషములు చాలును. సబ్బు చంకలకు, తొడల నడుమకు, పాదములకు మాత్రమే. తువ్వాలుతో అద్దవలెనే గాని రుద్దరాదు. చర్మము చెమ్మగా నున్నప్పుడే నూనెయో వాసెలినో పలుచగా రాయవలెను. నూనె తానై నీటినియ్యదు. ఉన్న నీటిని పోనీయక మూతవేయును. ఎండిన కాలికి రాత్రి నూనె రాయుదుమని మేము మూడేండ్లు బ్రతిమాలినది సగము తెలివియే యని అప్పుడు తెలిసినది.

"మఱి మా అబ్బాయి మాత్ర?" అని అత్తగారు అడిగిరి. "వేసికొనుడు, హాని కనబడుట లేదు. కాని నూనె మానుట కది సాకు కారాదు" అని ఆమె యనిరి. మా మాటకు విలువ లేకపోయినను తెల్లకోటు మాటకు విలువ కలిగినది. ఆ సాయంకాలమే అత్తగారు పీటమీద కూర్చుండి, మొగము గోడవైపు త్రిప్పుకొని, కాళ్లు మా ముందు చాచిరి. ఆ కాళ్లను మేము అంతవఱకు ముట్టినది నమస్కరించునప్పుడు మాత్రమే. పిక్కలు ఎండుకట్టెలవలె నుండినవి. మేమును ఏమియు మాటలాడలేదు.

ఏ నూనె మంచిదని అడుగువారికి ఒక మాట. ఫిలిప్పైను దీవులలో 34 మంది పొడిచర్మపు రోగులపై కొబ్బరినూనెను, ఖనిజతైలమును పోల్చి 2004లో ప్రకటించిరి. రెండును ఇంచుమించు సమానముగానే మేలుచేసినవి. నేడు పలుయిండ్లలో పసిపిల్లలకు సీమ ఆలివునూనె మర్దించుట గొప్పగా నున్నది. 2013లో వెలువడిన పరీక్షలో అది చర్మపు పైపొరను బలహీనపఱచినట్లు కనబడినది. ప్రొద్దుతిరుగుడు నూనె అట్లు చేయలేదు. వెల హెచ్చైన నూనెయే మంచిదనుకొనుట పొరపాటు. నలుగుపిండి రుద్దు అలవాటున్నవారు పెద్దవారికి చలికాలమున దానిని తగ్గింపవలెనని మా అభిప్రాయము. నూనెతో బాటు చర్మపు క్రొవ్వును గూడ అది యీడ్చుకొనిపోవును.

మాఘమాసమునాటికి రాత్రి చప్పుడు చాలవఱకు తగ్గినది. ఫాల్గునమునకు పిక్కలు నున్ననైనవి. అత్తగారు ఫోనులో, "నీ మాత్ర అమృతమురా నాయనా" అని చెప్పిరి. మేము ప్రక్క గదిలో చేతుల జిడ్డు కడుగుకొనుచుంటిమి. మాకు కన్నుల నీరు తిరిగినది. నిజము చెప్పవలెనన్నచో, ఆమె తప్పు చెప్పుచున్నదని రుజువుచేయుటకు మాకును దారి లేదు. మాత్ర, నూనె, గోరువెచ్చని నీరు మూడును ఇంచుమించు ఒకే పక్షమున మొదలైనవి. ఆపై చలియు తగ్గినది. నలుగురు పట్టిన పల్లకి నెవరు మోసిరని చెప్పుట?

ఆ ఫాల్గునముననే మా అమ్మాయి ఏడవనెల గర్భముతో పుట్టింటికి వచ్చినది. నాయనమ్మ దేవుని గూటి ప్రక్కనుండి సీసా తీసి, "ఒకటి వేసికోవే, నీకును బిడ్డకును రంగు వచ్చును" అనిరి. అప్పుడు మాత్రము మేము అడ్డుపడితిమి. కొంచెము గట్టిగానే అడ్డుపడితిమి. ఇట్టి పరీక్షలలో గర్భిణులను చేర్చుకొనరు. కనుక వారికి నిరపాయమని చెప్పగలవారు లేరు. రంగునకును సెరమైడునకును సంబంధము లేదు. తెల్లదనము తెచ్చునని చెప్పి గ్లూటాథయోను మొదలగువానిని కలిపిన మాత్రలు అంగళ్లలో నున్నవి. చర్మపు తేమ మాట ముందు పెట్టి, రంగు మాట వెనుకనుండి అమ్ముదురు. మా అమ్మాయి చామనచాయ. పెండ్లిచూపులనాడు ఆ రంగుకొఱకు అది విన్న మాటలు మేము మఱువలేదు. అత్తగారు చిన్నబుచ్చుకొని సీసా లోపల పెట్టిరి. రెండుదినములు మాతో ముక్తసరిగా మాటలాడిరి.

2024లో మరల చలి వచ్చినది. వేసవిలో అత్తగారు మాత్రలును నూనెయు రెండును మానియుండిరి. మార్గశిరమున పిక్కలు మరల లేచినవి. మరిది పంపిన రెండవ సీసా సిద్ధముగా నున్నది. ఆ వారమే అతడు ఫోనుచేసి, తల్లి వినకుండ, "వదినా, నిజము చెప్పు. ఆ మాత్రలు పనిచేయుచున్నవా? అమ్మ నన్ను సంతోషపెట్టుట కనుచున్నదా?" అని అడిగినాడు. అతని కొలువు ఆ యేడు కొంత ఒడుదుడుకులలో నున్నది. ఏమి చెప్పుదుము? పనిచేయలేదనుటకు మాయొద్ద ఆధారము లేదు, చేసినదనుటకును లేదు. "నెలరోజులు గడువిమ్ము" అంటిమి.

మాత్ర రక్తములో కలిసిపోవును గాన రెండు కాళ్లకును సమముగా చేరును. నూనె రాసినచోటనే యుండును. కాబట్టి అత్తగారితో, "మాత్ర రోజు వేసికొనుడు. నూనె మాత్రము కుడికాలికే రాయుదును. ఇరువదియొక్క దినములు చూతము" అంటిమి. ఆమెకిది ఆటవలె తోచినది. చిన్నతనమున దాడియాటలో ఎప్పుడును ఓడలేదట. స్నానము రెండు కాళ్లకును ఒకటే, నీరొకటే, సబ్బొకటే. మా కన్ను మమ్మే మోసగించునేమోయని భయముండి, తుదినిర్ణయము మా అమ్మాయికి విడిచితిమి. అది ఎనిమిది నెలల బిడ్డ నెత్తుకొని సంక్రాంతికి వచ్చినది. ఏ కాలికి నూనె రాసితిమో దానికి చెప్పలేదు. జిడ్డు మెఱుపు చూచి కనిపెట్టకుండ, ముందునాటి నూనె స్నానములో పోయిన పిమ్మట, ఆనాటి నూనె రాయకమునుపే చూపితిమి.

అమ్మాయి రెండు కాళ్లమీదను అరచేయి ఆనించి చూచి, "ఇది నున్నగానున్నది, ఇది గరగరలాడుచున్నది" అనెను. నున్ననిది కుడికాలు. ఎడమకాలిమీద పొలుసు లేచియే యున్నది. మునుపటంత కాకున్నను రెండు చోట్ల గోటిగీతలున్నవి. మునుపటంత లేకపోవుట మాత్ర పుణ్యమా, గోరువెచ్చని నీటి పుణ్యమా? దానికి మఱియొక పరీక్ష కావలెను. దానికొఱకు ఆమెను మఱల గోకికొననిచ్చుటకు మాకు మనసొప్పలేదు. ఆనాటినుండియే ఎడమకాలికిని నూనె రాసితిమి. పదిదినములలో రెండును ఒక్కతీరునకు వచ్చినవి.

మరిదికి ఫోనుచేసి జరిగినదంతయు దాచక చెప్పితిమి. నూనె లేక మాత్ర యొక్కటి చాలలేదనియు, మాత్ర ఏమియు చేయలేదని మాత్రము చెప్పజాలమనియు చెప్పితిమి. 51 మంది సంగతియు, చిన్నక్షరముల సంగతియు చెప్పితిమి. అతడు మొదట పెద్దగా నవ్వినాడు. తరువాత కొంతసేపు పలుకలేదు. "రోజును నీవే రాయుచున్నావా వదినా?" అని మాత్రము అడిగినాడు. తరువాతి మూటలో సీసా వచ్చినది గాని, దానితో బాటు సెరమైడు కలిపిన లేపనపు డబ్బా యొకటి వచ్చినది. అది కాళ్లకు గాదట. గిన్నెలు తోమి పగిలిన మా చేతులకట. పైని రాయు ఇట్టి లేపనములు చర్మమునకు పనికివచ్చునని వైద్యులు చాలకాలముగా ఒప్పుకొనుచున్నదే.

ఇక అత్తగారి తీర్పు. కుడికాలు గెలిచినదని అమ్మాయి చెప్పినప్పుడు ఆమె రెండు పిక్కలను మార్చి మార్చి తడవి చూచుకొనిరి. "కుడికాలికి మా చిన్నవాని మాత్ర ముందుగా పట్టినదే. ఈ ఎడమకాలు పుట్టినది మొదలు మొండిది" అనిరి. మేము నోరు తెఱవబోయి మానితిమి. ఆ రాత్రి ఫోనులో కుమారునితో మాత్రల మహిమను ఎప్పటివలెనే చెప్పి, కళ్లజోడు తీసి సీసా ప్రక్కన పెట్టి, పీట లాగుకొని కూర్చుండిరి. ఈమారు మొగము గోడవైపు త్రిప్పుకొనలేదు.

"నూనె వెచ్చజేసితివా అమ్మాయీ?" అనిరి.